ఖతారంత కరీంనగర్, కువైట్‌కు కాస్త తక్కువ ఆదిలాబాద్

ఖతార్ దేశం విస్తీర్ణం సుమారు 11,600 చదరపు కిలోమీటర్లు. పాత కరీంనగర్ జిల్లాది 11,823. కోరుట్లలోనో మెట్‌పల్లిలోనో బస్సెక్కి, శంషాబాద్‌లో విమానమెక్కి, దోహాలో దిగిన మనిషి తాను విడిచి వచ్చిన జిల్లా కన్నా రవ్వంత చిన్న దేశంలో కాలు పెడుతున్నాడన్నమాట. కువైట్ కొంచెం పెద్దది, 17,818 చదరపు కిలోమీటర్లు. పాత ఆదిలాబాద్ 16,105. నిర్మల్, ఖానాపూర్ వైపు నుంచి అక్కడికి పోయినవాళ్లకు ఊరు మారింది, భాష మారింది, ఎండ కూడా మారింది. నేల కొలత మాత్రం పెద్దగా మారలేదు.

రెండు జిల్లాలు, రెండు దేశాలు. విస్తీర్ణాలు దాదాపు సరిపోయాయి. ఇక్కడితో పోలిక అయిపోయింది. ఆ నేల మీద ఏముంది, నేల కింద ఏముంది, దున్నుకునే హక్కు ఎవరికుంది అని అడిగితే నాలుగూ నాలుగు దిక్కులకు పోతాయి.

2016 అక్టోబర్ 11న జిల్లాలు విడగొట్టారు. ఆదిలాబాద్ నాలుగైంది: ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్. కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల పుట్టాయి. హుస్నాబాద్ సిద్దిపేటలో కలిసింది, కమలాపూర్ వరంగల్ వైపు పోయింది, మహదేవ్‌పూర్ అడవి భూపాలపల్లి జిల్లా పాలైంది. ఈ కథనంలో పాత హద్దులే పట్టుకుందాం. గోదావరికి దక్షిణాన కరీంనగర్, ఉత్తరాన ఆదిలాబాద్. ధర్మపురి దాటి రాయపట్నం వంతెన ఎక్కితే అవతలి గడ్డ లక్సెట్టిపేట. నది దాటడానికి కొన్ని నిమిషాలు చాలు. కానీ ఆ నీళ్లకు రెండు ఒడ్డుల్లో జరిగిన మర్యాద ఒకటి కాదు.

గుంటల లెక్క

2011 జనాభా లెక్కల్లో కరీంనగర్‌లో 37 లక్షల 76 వేల మంది ఉన్నారు. ఆదిలాబాద్‌లో 27 లక్షల 41 వేల మంది. చదరపు కిలోమీటరుకు ఇంతమంది అని చెబితే మనకు బుర్రకెక్కదు. ఎకరాలు, గుంటలు అంటేనే మన లెక్క. జిల్లా మొత్తాన్ని, గుట్టలూ చెరువులూ రోడ్లూ అన్నీ కలిపి, తలాకాస్త పంచామనుకుందాం. కరీంనగర్‌లో మనిషికి 31 గుంటలు వస్తాయి. ఆదిలాబాద్‌లో ఎకరా 18 గుంటలు. దాదాపు రెట్టింపు. కాగితం మీద ఆదిలాబాద్ మనిషి మోతుబరే.

ఇప్పుడు అడవి తీసేయండి. ఆదిలాబాద్‌లో నూటికి నలభై పైన అటవీ శాఖ లెక్కలో ఉన్న భూమే. కరీంనగర్‌లో అది ఐదో వంతు, అందులోనూ పెద్ద ముక్క మహదేవ్‌పూర్, కాటారం వైపుది. అడవి పోగా ఆదిలాబాద్‌లో మనిషికి మిగిలేది సుమారు 33 గుంటలు, కరీంనగర్‌లో 24. 27 గుంటలుగా కనిపించిన అంతరం తొమ్మిది గుంటలకు దిగింది.

ఆ తొమ్మిది గుంటలు కూడా నిలబడవు. కరీంనగర్‌లో కాలువ కింది పొలం వానకాలం ఒక పంట, యాసంగిలో ఇంకో పంట ఇస్తుంది. ఆదిలాబాద్ నల్లరేగడిలో మిరుగు పొద్దుకు విత్తనం పెట్టిన పత్తి చలికాలం దాకా అదే చేనులో ఉంటుంది. రెండు పంటలు పండే 24 గుంటలు ఏడాదికి 48 గుంటల పని చేస్తాయి. అందుకే ఒట్టి విస్తీర్ణం చూసి ఏ నేలకూ విలువ కట్టొద్దంటాను. పాత ఉమ్మడి రాష్ట్రంలోనూ, కొత్త రాష్ట్రంలోనూ ఆదిలాబాద్‌ను "పెద్ద జిల్లా" అనే మాటతోనే సరిపెట్టారు.

నీళ్లు పారిన ఒడ్డు

పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్‌కు నెహ్రూ 1963 జూలై 26న శంకుస్థాపన చేశారు. ఆ ప్రాజెక్టు నుంచి కుడివైపు బయల్దేరిన కాకతీయ కాలువ 284 కిలోమీటర్లు పారుతుంది. జగిత్యాల, కరీంనగర్ నేలల మీదుగా వరంగల్ దిక్కు పోతుంది. మధ్యలో కరీంనగర్ పట్నం పక్కనే మానేరు మీద దిగువ మానేరు డ్యాం, 24 టీఎంసీలది, 1985 నాటికి పూర్తయింది. తర్వాత మధ్య మానేరు వచ్చింది, గోదావరి మీద ఎల్లంపల్లి వచ్చింది. అదే శ్రీరాంసాగర్ నుంచి ఎడమవైపు నిర్మల్ దిక్కు తీసిన సరస్వతి కాలువ పొడవు 47 కిలోమీటర్లు.

నేల వాలు, గుట్టలు, ఖర్చు అని ఇంజనీర్లు కారణాలు చెబుతారు. అబద్ధమని అనను. సహ్యాద్రి గుట్టల మీదికి కాలువ ఎక్కించడం తేలిక కాదు. కానీ ఆ జలాశయం వెనుక నీళ్లలో మునిగిన ఊళ్లు ఆదిలాబాద్ వైపు కూడా ఉన్నాయి కదా. ఊరు మునిగేటప్పుడు వాలు అడ్డం రాలేదు.

నీళ్లు వచ్చాక కరీంనగర్ నేల ఖాళీగా కూర్చున్నది లేదు. చెలకలు పొలాలయ్యాయి. హుజూరాబాద్, జమ్మికుంట, శంకరపట్నం చుట్టుపక్కల హైబ్రిడ్ వరి విత్తనం పండిస్తారు. మామూలు వరికి దీనికి చేను చూడగానే తేడా తెలుస్తుంది. మగ వరుసలు, ఆడ వరుసలు విడివిడిగా నాటుతారు. పూత వేళకు పొద్దున పది, పదకొండు గంటలకు ఇద్దరు కూలీలు చెరో గట్టున నిలబడి తాడు పట్టి చేను మీదుగా లాగుతారు, మగ కంకుల పుప్పొడి రేగి ఆడ కంకుల మీద పడాలని. దేశంలో ఎక్కడో నాటే వరికి విత్తనం ఇక్కడ ఇట్లా తయారవుతుంది. జగిత్యాల పక్కన పొలాస వ్యవసాయ పరిశోధనా స్థానం ఇచ్చిన జగిత్యాల సన్నాలు రకం ఎన్ని జిల్లాల్లో అన్నమైందో చెప్పనక్కర లేదు. మెట్‌పల్లి, కోరుట్ల వైపు పసుపు. జగిత్యాల మామిడి ఉత్తరాది మార్కెట్లకు పోతుంది.

నేల మీద ఇంత పండించిన జిల్లా, నేల మీద నిలబడ్డ గుట్టలను మాత్రం మిగుల్చుకోలేకపోతోంది. గంగాధర, కొత్తపల్లి, మానకొండూరు చుట్టూ గ్రానైట్ క్వారీలు. ట్యాన్ బ్రౌన్, మేపుల్ రెడ్ అని వ్యాపారంలో పేరున్న రాయి ఇక్కడిదే. పెద్ద పెద్ద దిమ్మెలుగా కోసి, లారీల మీద, రైళ్ల మీద రేవుకు తోలుతారు. చాలావరకు చైనాకు పోతుంది. పొలం పంట ఇస్తుంది, మళ్లీ దున్నితే మళ్లీ ఇస్తుంది. గుట్ట ఒక్కసారే పంట. రెవెన్యూ రికార్డులో గుట్ట పేరు ఉంటుంది, అక్కడికి పోతే నీళ్లు నిండిన గుంత ఉంటుంది.

అడవి ఎవరిది

ఆదిలాబాద్ వైపు ఒక్క లెక్క చెబితే చాలు. కవ్వాల్ పులుల అభయారణ్యం కోర్, బఫర్ కలిపి రెండు వేల చదరపు కిలోమీటర్ల పైన ఉంటుంది. ఇప్పటి రాజన్న సిరిసిల్ల జిల్లా మొత్తం కూడా అంతే. బహ్రెయిన్ లాంటి దేశాలు రెండు పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. 2012లో దీన్ని పులుల రిజర్వుగా ప్రకటించారు. మహారాష్ట్ర తాడోబా నుంచి పులులు ప్రాణహిత దాటి ఈ దిక్కు వస్తూ పోతూ ఉంటాయి. వాటికి రెండు రాష్ట్రాల సరిహద్దు పట్టింపు లేదు.

పట్టింపు ఉన్నది మనుషులకే. ఇక్కడ గోండులు, కోలాములు, పర్ధానులు, తోటీలు, నాయకపోడులు ఉంటారు. నిజాం కాలంలో అడవికి రాళ్లు పాతి హద్దులు గీసినప్పుడు గూడేలు లోపల పడిపోయాయి. నిన్నటిదాకా జొన్న చల్లుకున్న చేను ఒక్క రోజులో ఆక్రమణ అయింది. బాబేఝరి చుట్టుపక్కల పన్నెండు గూడేల భూమి కోసమే కుమురం భీం లేచాడు. 1940లో జోడేఘాట్‌లో నిజాం బలగాల కాల్పుల్లో చనిపోయాడు. కువైట్‌లో బుర్గాన్ దగ్గర చమురు పడింది 1938లో. ఒకే దశాబ్దం చివర్లో ఒక నేల కింద ప్రపంచంలోనే పెద్ద నిధుల్లో ఒకటి బయటపడుతుంటే, దాదాపు అంతే నేల మీద ఇంకోచోట నాలుగెకరాల చేను అడిగినందుకు మనుషులు చస్తున్నారు.

భీం చనిపోయాకే నిజాం సర్కారుకు ఈ నేల సంగతి పట్టింది. ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి గోండుల బతుకు రాశాడు, బడి పెట్టించాడు, పట్టాలు ఇప్పించాడు. లక్షకు పైగా ఎకరాలు అప్పట్లో గిరిజనుల పేరున ఎక్కాయి. ఎక్కిన భూమి నిలిచిందా అంటే, చాలాచోట్ల నిలవలేదు. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు చెల్లదని 1970లో వన్ ఆఫ్ సెవెంటీ చట్టం వచ్చింది. అప్పటికే చేతులు మారిన చేలు ఎన్నో. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. వాళ్లు అడిగింది కూడా భూమే.

ఈ సంగతి పాతది కాదు, పాతబడేదీ కాదు. 2006లో అటవీ హక్కుల చట్టం. 2023 జూన్ 30న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఆసిఫాబాద్‌లోనే పోడు పట్టాల పంపిణీ మొదలుపెట్టారు. రాష్ట్రమంతటా లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా అన్నారు. 2025 మే చివర్లో ప్రభుత్వం కుమురం భీం పేరుతోనే ఒక కన్జర్వేషన్ రిజర్వు ప్రకటించింది, సుమారు 1,490 చదరపు కిలోమీటర్లు. తాడోబాకు, కవ్వాల్‌కు మధ్య పులుల దారి అది. గూడేల నుంచి బందులు, ధర్నాలు. జూలైలో ఆ జీవోను ఆపారు. అడవి హద్దు మీద ప్రాణం పెట్టిన మనిషి పేరునే కొత్త హద్దుకు పెట్టడం ఎవరి ఆలోచనో గాని, ఆసిఫాబాద్‌లో కొన్నాళ్లు ఉండి వచ్చినవాళ్లదైతే కాదు.

పులి వద్దని ఎవరూ అనడం లేదు. పులి ఉన్న అడవిలోనే కడెం వాగు పుడుతుంది, కుంటాల దగ్గర జారి పడుతుంది, కింద కడెం ప్రాజెక్టు నింపుతుంది. ఆ అడవి వల్ల కరీంనగర్‌కూ లాభమే, గోదావరిలో చేరేది ఆ నీళ్లే. లాభం నది కిందికి పోతుంది, షరతులు మాత్రం గూడెంలో ఉంటాయి. మేక కాసుకోవాలన్నా, ఇంటికి కట్టె తెచ్చుకోవాలన్నా, గూడేనికి రోడ్డు కావాలన్నా అటవీ శాఖ అనుమతి.

తేమ ఎంత?

రెండు జిల్లాల రైతులనూ ఒకే ప్రశ్న అడిగే చోట్లు రెండున్నాయి.

ఆదిలాబాద్ పత్తి మార్కెట్ యార్డులో దసరా, దీపావళి దాటాక పొద్దున్నే బండ్లు, వ్యాన్లు బారులు తీరతాయి. తెలంగాణలో చలి ఎక్కువ ఉండేది ఈ జిల్లాలోనే. మంచుకు పత్తి చెమ్మగిల్లుతుంది. పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ మనిషి మిషన్ తెచ్చి, దాని సూదిని పత్తిలోకి గుచ్చుతాడు. తేమ ఎనిమిది శాతం లోపైతే పూర్తి మద్దతు ధర. ఆ పైన ఒక్కో శాతానికి ఒక్కో శాతం కోత. పన్నెండు దాటితే తీసుకోరు. రైతు కళ్లు ఆ చిన్న తెర మీది అంకె మీద ఉంటాయి. "ఇంకో దిక్కు పెట్టి చూడు సార్, అడుగున ఎండినది ఉన్నది" అంటాడు. ఇంకోచోట గుచ్చుతారు. అంకె మారుతుంది, ఎక్కువసార్లు పైకే. కొంచెం ఎండెక్కాక చూడండని బతిమాలేవాళ్లు ఉంటారు. కుదరని పత్తి అదే యార్డులో ప్రైవేటు వ్యాపారికి తక్కువకు పోతుంది. 2025-26లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఆ మొత్తం చేతికి రావాలంటే పత్తితో పాటు ఎండ కూడా పండాలి.

కరీంనగర్ వైపు ఐకేపీ సెంటర్‌లో అదే ప్రశ్న వడ్లకు. ఇక్కడ హద్దు పదిహేడు శాతం. అందుకే కోతలప్పుడు ఊరి రోడ్లు సగం వడ్లతోనే ఉంటాయి. పొద్దున పరచడం, మధ్యాహ్నం కాళ్లతో తిరగబెట్టడం, మబ్బు కనబడగానే టార్పాలిన్ కప్పడం. తేమ సరిపోతే తాలు పేచీ, తాలు సరిపోతే కాంటా కోసం ఎదురుచూపు, కాంటా అయ్యాక మిల్లు దగ్గర తరుగు. అకాల వానకు కుప్ప తడిసి మొలకెత్తిన వడ్లను చేతిలో పట్టుకొని రోడ్డు మీద కూర్చున్న రైతుల ఫొటోలు ప్రతి యాసంగిలో పేపర్లలో చూస్తూనే ఉన్నాం. నీళ్లు లేని జిల్లాను తేమ ఏడిపిస్తుంది, నీళ్లున్న జిల్లానూ తేమే ఏడిపిస్తుంది. రెండో జిల్లాకు ఏడాదిలో రెండుసార్లు.

నేల కింద

ఇక్కడ మాత్రం రెండు జిల్లాలు ఒక్కటే. గోదావరి ఒడ్డు పొడవునా సింగరేణి బొగ్గు. అటు బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్. ఇటు గోదావరిఖని, రామగుండం. ఒకప్పుడు మనిషి బొగ్గు కోసం నేల కిందికి దిగేవాడు, పైన ఊరు ఊరులానే ఉండేది. ఇప్పుడు ఓపెన్‌కాస్టు. ఊరినే ఎత్తి పక్కన పెట్టి తవ్వుతున్నారు. ఒకపక్క లోయ, ఇంకోపక్క మట్టి గుట్ట. కరీంనగర్‌లో గ్రానైట్ కోసం గుట్టలు పోయాయి, పెద్దపల్లి, మంచిర్యాలలో బొగ్గు కోసం కొత్త గుట్టలు లేచాయి. రామగుండం ఎన్టీపీసీ 2,600 మెగావాట్ల స్టేషన్ ఈ బొగ్గుతోనే నడుస్తుంది. ఇప్పుడు అదే ప్లాంటు చెరువు మీద నీళ్లలో తేలే సోలార్ పలకలు వంద మెగావాట్లకు పరిచారు. భూమి కరువైతే నీటి మీద కూడా సాగు చేయొచ్చని ఎన్టీపీసీ వాళ్లు చూపించారు. పంట మాత్రం కరెంటు.

నేల కింది బొగ్గు మీద కాక, నేల మీది అడవి మీద నడిచిన కాగజ్‌నగర్ పేపరు మిల్లు ఇంకో కథ. ఆసిఫాబాద్ వెదురును నమ్ముకొని నిజాం కాలంలో పెట్టిన సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో మూతపడింది, 2018లో చేతులు మారి మళ్లీ తెరుచుకుంది. ఆ నాలుగేళ్లు ఆ పట్నం ఎట్లా గడిపిందో అక్కడి కిరాణా కొట్ల బాకీ పుస్తకాలు చెప్పాలి.

అటు దేశాల్లో

ఖతార్‌లో నది లేదు. కువైట్‌లో కూడా లేదు. ఖతార్‌లో ఏడాదంతా కలిపి పడే వాన వంద మిల్లీమీటర్లు కూడా కాదు. ఉట్నూరులో ఒక పెద్ద ముసురుకు అంత పడుతుంది. తాగే నీళ్లు సముద్రం నుంచి ఉప్పు తీసి పంపినవే. సాగు భూమి రెండు దేశాల్లోనూ నూటికి ఒకటి రెండు ఎకరాల లోపే. కువైట్‌లో ఇరాక్ సరిహద్దున అబ్దలీ, దక్షిణాన వఫ్రా అనే చోట్ల తోటలున్నాయి. మిగతాది ఇసుక, చమురు బావులు, నగరం.

2017 జూన్‌లో సౌదీ, ఎమిరేట్స్, బహ్రెయిన్, ఈజిప్ట్ ఖతార్‌తో తెగతెంపులు చేసుకున్నాయి. ఖతార్‌కు ఉన్న ఒకే ఒక్క భూ సరిహద్దు సౌదీతోనే. అది మూసేసరికి దుకాణాల్లో పాలు నిండుకున్నాయి. వాళ్లు ఏం చేశారు? విమానాల్లో ఆవులను తెప్పించారు. ఎడారిలో ఏసీ షెడ్లు వేశారు. ఏడాది తిరిగేసరికి పాలకు ఎవరినీ అడిగే అవసరం లేకుండా చేసుకున్నారు. నీళ్లు లేవు, గడ్డి లేదు, నేల మంచిది కాదు. గ్యాసు డబ్బుంది, పట్టుదల వచ్చింది.

ఆ దేశాలు కట్టడంలో మన చేతులున్నాయి. సిరిసిల్ల, జగిత్యాల, నిర్మల్ పల్లెల నుంచి పోయినవాళ్లు రోడ్లు వేశారు, టవర్లు లేపారు, ఎడారిలో మేకలు కాశారు, మజ్రాల్లో, అంటే అక్కడి తోటల్లో, టమాటాలకు నీళ్లు పెట్టారు. 1990ల కరువుల్లో బోరు మీద బోరు వేసి, నీళ్లు పడక, అప్పు తీర్చలేక వీసా కొన్నవాళ్లే ఎక్కువ. అంటే ఇంటి దగ్గర ఎండిన చేను వదిలి, అసలు నది అనేదే లేని దేశంలో తోటకు నీళ్లు పెట్టడానికి పోయారు. ఇరవై ఏళ్లు ఉన్నా అక్కడ మన కూలీ పేరున గుంట భూమి రాదు. పంపిన డబ్బు ఇక్కడ కరీంనగర్, జగిత్యాల పక్క వెంచర్లలో ప్లాట్లయింది. ఒకప్పటి తరి పొలాలే ఆ ప్లాట్లు. గల్ఫ్ ఎడారిలో తోటలు వేస్తుంటే, గల్ఫ్ డబ్బు ఇక్కడ పొలాల్లో హద్దు రాళ్లు నాటుతోంది. ఇది నాకు మింగుడుపడని సంగతి.

మళ్లీ నది దగ్గరికి

ఆదిలాబాద్‌కు మూడు వైపులా నదులే. పైన పెన్‌గంగ, వార్ధా, తూర్పున ప్రాణహిత, కింద గోదావరి. ఏడాదికి సగటున వెయ్యి మిల్లీమీటర్ల పైన వాన. ఇన్ని నీళ్ల మధ్య కూడా జిల్లాలో ఎక్కువ చేలు వానను నమ్ముకున్నవే.

2008లో కౌటాల మండలం తుమ్మిడిహట్టి దగ్గర ప్రాణహిత మీద బ్యారేజీకి శంకుస్థాపన జరిగింది. తెలంగాణ వచ్చాక నమూనా మార్చారు. బ్యారేజీ మేడిగడ్డకు, అంటే పాత కరీంనగర్ మహదేవ్‌పూర్‌కు జరిగింది. 2019 జూన్‌లో ప్రారంభించారు. 2023 అక్టోబర్ 21న దాని పిల్లర్లు కుంగాయి. ఇప్పుడు మళ్లీ తుమ్మిడిహట్టి మాట వినబడుతోంది. ఎన్ని టీఎంసీలు ఎత్తాలి, ఎక్కడికి తోలాలి, మహారాష్ట్ర ఎంత ఎత్తుకు ఒప్పుకుంటుంది అని చర్చ. ఎల్లంపల్లి దాకా, ఆ తర్వాత హైదరాబాద్ దాకా గీతలు గీస్తున్నారు.

గీయండి. కానీ ఈసారి లెక్కలో మొదటి వరుసలో ఆసిఫాబాద్, బెల్లంపల్లి, చెన్నూరు చేల ఎకరాలు రాయండి. బ్యారేజీ వాళ్ల గడ్డ మీద కట్టి, కాలువ ఇంకో జిల్లా నుంచి మొదలుపెట్టే పద్ధతి శ్రీరాంసాగర్‌తోనే చాలు.